పెరటి కంచెకు జెముడు

పార్వతీపురం మన్యం జిల్లాలో, తూర్పు కనుమల పాదమున, వేగావతీ తీరమున ఉన్నది మా సాలూరు. నా పెరటి కంచెలో ఆకుజెముడు, నాగజెముడు రెండును పెరుగుచున్నవి. వాటిని చూచినవారు "ఇంటి వైద్యమునకు పనికివచ్చునా?" అని తరచు అడుగుదురు. కంచెకు నిస్సంకోచముగా నాటుకొనవచ్చును. పాలుగల జెముడును మాత్రము ఇంటి వైద్యమునకు వాడరాదని నా సమాధానము.

గుర్తించు విధము: జెముళ్ళ పేర్లు ఊరికొక తీరుగా మారును. కావున పేరును నమ్మక మొక్కను చూడవలెను. ఆకుజెముడు, బొమ్మజెముడు ఆముదపు కుటుంబమునకు చెందినవి. వీటి ముండ్లు జంటలుగా నుండును. గాటు పడినచో తెల్లని పాలు కారును. నాగజెముడు అమెరికా ఖండము నుండి వచ్చినది. దీనికి పాలుండవు, పలకలపై ముండ్లు గుంపులుగా, వాటి మొదట సన్నని నూగు ముండ్లు ఉండును.

పెంచు విధానము: మూరెడు కొమ్మను కోసి, గాటు ఆరువరకు వారము, పదిరోజులు నీడన ఉంచి నాటవలెను. మా ప్రాంతమున ఈ మొక్కలకు ఎండకన్న వానయే శత్రువు. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి వానలు, పిమ్మట తుపాను వానలు. నీరు నిలిచినచో మొదలు కుళ్ళును. కనుక జానెడు ఎత్తు గట్టు వేసి, ఎర్రమట్టిలో ఇసుక, గులకరాళ్ళు కలిపి, రెండడుగుల ఎడముతో నాటవలెను. వేరు పట్టువరకు వారమున కొకసారి తడిపిన చాలును. పిల్లలు ఆడుకొను చోట, నడకదారి ప్రక్కన నాటరాదు.

శాస్త్రములో: ఆకుజెముడే స్నుహి. చరకసంహిత కల్పస్థానమున పదవ అధ్యాయము దీనికే కేటాయింపబడినది. విరేచన ద్రవ్యములలో ఇది మిక్కిలి తీక్ష్ణమైనదనియు, మృదుకోష్ఠము గలవారికి ఈయరాదనియు అందు చెప్పబడినది. భగందరమునకు వాడు క్షారసూత్రమును గూడ ఈ పాలతోనే చేయుదురు. దారమునకు పాలు 11 పూతలు, పాలతో ఉత్తరేణి క్షారము 7 పూతలు, పాలతో పసుపు 3 పూతలు, మొత్తము 21. ఇది శిక్షణ పొందిన వైద్యులు చేయవలసిన పని. విరేచనమునకై పాలను ఇంటిలో మ్రింగుట, పులిపిరులకు పూయుట కూడదు.

జాగ్రత్తలు: కొమ్మలు కోయునపుడు కండ్లద్దాలు, చేతితొడుగులు, పొడుగు చేతుల చొక్కా ధరింపవలెను. పిమ్మట చేతులను, కత్తిని సబ్బుతో కడుగవలెను. పాలు కంటిలో పడినచో నలుపక, శుభ్రమైన నీటి ధారతో 15 నుండి 20 నిమిషములు కడిగి, వెంటనే కంటి వైద్యుని చూడవలెను. మంట తగ్గినదని ఊరకుండరాదు. కొన్ని గంటల తరువాత వాపు, చూపు మసక కలుగవచ్చును. ఆముదము, చనుబాలు కంటిలో వేయరాదు. పాలు మ్రింగిన వారికి బలవంతముగా వాంతి చేయింపక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

కంచె నాటిన నాడే ఈ జాగ్రత్తలను ఇంటిల్లిపాదికి, తోట పనివారికి తెలియజేయుట మంచిది.