మోకాలి మార్పిడి: తిన్నని కాలు అంటే ఏది?



నేను బ్యాంకు గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. చదివింది బి.కాం. కిందటి ఏడాది నా భార్యకు రెండు మోకాళ్ళూ మార్చక తప్పదన్నారు. అప్పుడామె డాక్టరుగారిని అడిగింది: "నావి చిన్నప్పటి నుంచీ కొంచెం దొడ్డికాళ్ళేనండీ. తిన్నగా చేస్తారా, ఉన్నట్టే ఉంచుతారా?" వైద్యులు ఏళ్ళ తరబడి చర్చిస్తున్న ప్రశ్న ఇదేనని నాకు తర్వాత తెలిసింది. డాక్టరుగారు, మన ట్రస్టు ఉపకారవేతనంతో ఫిజియోథెరపీ చదువుతున్న అమ్మాయి విడమర్చి చెప్పగా అర్థమైనంత రాస్తున్నాను.

తుంటి కీలు మధ్య నుంచి చీలమండ మధ్యకు ఒక గీత గీయండి. అది మోకాలి మధ్యగా పోతే కాలు తిన్నగా ఉన్నట్టు లెక్క. కొత్త కీలు అమర్చడంలో ముఖ్యంగా మూడు పద్ధతులు ఉన్నాయి.

1. మెకానికల్ అలైన్‌మెంట్: 1970లలో లండన్‌లో ఫ్రీమన్, న్యూయార్క్‌లో ఇన్సాల్ వంటి వైద్యులు దీన్ని స్థిరపరిచారు. తొడ ఎముకనూ, కింది ఎముకనూ వాటి ఇరుసు గీతలకు 90 డిగ్రీల్లో కోస్తారు. బరువు రెండు వైపులా సమంగా పడి, కీలు చాలాకాలం మన్నుతుందని ఉద్దేశం. దశాబ్దాల అనుభవం దీనికి ఉంది. అయితే సహజంగా కింది ఎముక పైభాగం సగటున 3 డిగ్రీలు లోపలికి వాలి ఉంటుంది. అందువల్ల కొందరికి బిగుసుకున్న లిగమెంట్లను సడలించాల్సి వస్తుంది.

2. కైనమాటిక్ అలైన్‌మెంట్: 2006 ప్రాంతంలో అమెరికా వైద్యుడు హోవెల్ మొదలుపెట్టారు. అరుగుదలను లెక్కలోకి తీసుకుని, అమర్చే భాగం మందం మేరకే ఎముక తీస్తారు. కాలికి జబ్బు రాకముందున్న వంపు తిరిగి వస్తుంది.

3. పరిమిత కైనమాటిక్: పాత వంపును గౌరవిస్తారు గానీ హద్దు దాటనివ్వరు. మొత్తం వంపును సాధారణంగా 3 డిగ్రీల లోపు ఉంచుతారు.

2012లో వెలువడిన బెల్జియం అధ్యయనంలో ఆరోగ్యవంతులైన 250 మంది యువతీయువకుల కాళ్ళు కొలిచారు. పురుషుల్లో 32 శాతం, స్త్రీలలో 17 శాతం మందికి సహజమైన తీరుగానే 3 డిగ్రీలు, ఆపైన దొడ్డివంపు కనిపించింది. అంటే అందరికీ సున్నా డిగ్రీలు సహజం కాదు. అలాగని ఏదో ఒక పద్ధతే అందరికీ మేలని ఇప్పటిదాకా జరిగిన పోలికల్లో తేలలేదు. రోబో కచ్చితంగా కోయడానికి సాయపడుతుంది. ఎన్ని డిగ్రీలు ఉంచాలన్నది మాత్రం వైద్యుడే నిర్ణయించాలి.

మా డాక్టరుగారు నిలబెట్టి తుంటి నుంచి పాదం దాకా ఎక్స్‌రే తీయించి, మూడో పద్ధతి ఎంచుకున్నారు. ఎనిమిది నెలలైంది. ఆమె కూరల బజారుకు నడిచి వెళ్తోంది. మెట్లెక్కేటప్పుడు మాత్రం ఇంకా కమ్మీ పట్టుకుంటుంది.

ఖాతాలన్నిటి సగటు నిల్వ చూసి ఏ ఒక్క ఖాతాదారు సంగతీ చెప్పలేమని బ్యాంకులో పనిచేసిన నాకు తెలుసు. కాళ్ళ లెక్కా అంతేనని ఇప్పుడు తెలిసింది. మీ ఇంట్లో పెద్దలకు ఈ ఆపరేషను చెబితే, చదువుకున్నవారు మీరు వెంట వెళ్ళండి. "వీరి కాలికి ఏ పద్ధతి, ఎందుకు?" అని వినయంగా అడగండి. పెద్దలు అడగడానికి మొహమాటపడతారు.