హాఫ్ టికెట్

మా పెద్దవాడికి పన్నెండేళ్లు నిండి అప్పటికి రెండు నెలలు. ఒంగోలు నుంచి చీరాల వెళ్లే బస్సులో కండక్టరు వాడివైపు చూసి "బాబుకి వయసెంతమ్మా?" అన్నాడు. "పదకొండు" అన్నాను. కాస్తయినా తడుముకోలేదు. వాడు నా ముఖంలోకి చూడలేదు, నోరు విప్పలేదు. మోకాళ్లు ముడుచుకుని, మెడ లోపలికి లాక్కుని సీట్లో కొంచెం కిందికి జారాడు, పొట్టిగా కనబడాలని. అలా చెయ్యమని నేను చెప్పలేదు.

నా ఒళ్లో బైబిలు సంచి ఉంది. మేం వెళ్తున్నది చుట్టాలింట్లో కృతజ్ఞత కూడికకు.

ఇరవై ఏళ్లకు పైగా సండే స్కూల్లో పాఠం చెబుతున్నదాన్ని. అబద్ధమాడిన అననీయ సప్పీరల కథ ఎన్నిసార్లు చెప్పానో నాకే లెక్కలేదు. ఆరాధన అయ్యాక తల్లులు నన్ను పక్కకు పిలిచి "మావాడు ఈమధ్య అబద్ధాలు నేర్చాడు టీచరమ్మా, మీరు చెబితే వింటాడు" అంటుంటారు. సరేనంటాను. అన్న ప్రతిసారీ ఆ బస్సులో ముడుచుకున్న మోకాళ్లు గుర్తొస్తాయి. పిల్లవాడితో మాట్లాడేముందు అమ్మానాన్నలతో కాసేపు కూర్చోవాలనిపిస్తుంది. కూర్చున్నామనే అనుకుందాం.

పిల్లలు అబద్ధమాడేది చాలావరకు చెడ్డతనంతో కాదు, తొందరతో. మన కోపం వచ్చి మీద పడేలోపు తప్పించుకోవాలి, అంతే. "గ్లాసు ఎవరు పగలగొట్టారు?" అని అడుగుతాం. అడిగే గొంతులోనే దెబ్బ వినిపిస్తుంటే ఏ పిల్లవాడు "నేనే" అంటాడు? నిజం చెప్పడానికి వాడికి కొంత వ్యవధి కావాలి. ఆ వ్యవధి ఇవ్వాల్సింది మనం. నేను గమనించినంతలో, అమ్మానాన్నలు నిదానస్థులైన ఇంట్లో పిల్లలు తప్పులు చెయ్యకుండా ఉండరు గానీ, చేసినదాన్ని దాచడం తక్కువ.

మన బైబిలు తెలుగులో ఆ నిదానానికి చక్కని మాటే ఉంది, దీర్ఘశాంతం. గలతీ పత్రికలో ఆత్మ ఫలం గురించి చెప్పేచోట ప్రేమ, సంతోషం, సమాధానం అయ్యాక నాలుగోది అదే. పిల్లలు తొమ్మిదీ వేళ్ల మీద లెక్కపెడుతూ గడగడా అప్పజెబుతారు. అర్థం అడిగితే నీళ్లు నములుతారు. ఒకసారి ఒక చిన్నపిల్ల మాత్రం "చాలాసేపు తిట్టకుండా ఉండటం" అంది. అందరూ నవ్వారు, నేను నవ్వలేదు. అంతకంటే బాగా నేను చెప్పలేను. కష్టాలను తట్టుకోవడానికి 'ఓర్పు' అన్న మాట ఉంది. దీర్ఘశాంతం ఎక్కువగా మనుషుల్ని భరించడానికి. కరెంటు పోతే ఓర్చుకుంటాం, బస్సు రాకపోతే ఓర్చుకుంటాం. హోంవర్కు పుస్తకం మూడోసారి పారేసుకొచ్చిన కొడుకు దగ్గరే కావాల్సింది ఆ నాలుగోది.

ఆ దీర్ఘశాంతం గురించే మా ప్రాంతపు కథ ఒకటి చెబుతాను. మా జిల్లాలో బాప్టిస్టు సంఘాల పిల్లల్లో చాలామందికి 2222 అనే అంకె తెలుసు. 1878 జూలై 3న, ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజులో 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ నీళ్లలో నిలబడ్డారు. మనం ఈ సంగతి గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. అయితే నది దగ్గరికి వచ్చేముందు జరిగింది ఎవరూ అంతగా చెప్పరు.

1876 నుంచి 78 వరకు కరువు. అప్పుడు ఒంగోలులో ఉన్న మిషనరీ జాన్ క్లౌ. మనవాళ్లు క్లౌ దొర అనేవారు. బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం పని ఆయన కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు పనీ కూలీ చూపించాడు. మట్టి తట్టలు మోస్తూ వేలమంది బోధ విన్నారు. బాప్తిస్మం ఇవ్వమని అడిగారు. ఆయన ఇవ్వలేదు. ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారో విశ్వాసంతో వచ్చారో వాళ్లకైనా ఆయనకైనా తేలాలంటే కరువు తీరాలి మరి. లెక్క రాసి అమెరికా పంపి మెప్పు పొందాలనుకుంటే అంతకంటే మంచి అదను ఉండదు. ఆయన ఆగాడు. ఇక పంచడానికి సాయమేమీ లేదని చెప్పాక కూడా జనం వెనక్కి పోకపోవడంతో, అప్పుడు దిగారు గుండ్లకమ్మలోకి.

అంతకుముందు ఇంకో నిరీక్షణ ఉంది. క్లౌ పనిచేసిన తెలుగు మిషను 1836లో మొదలైంది. ఏళ్ల తరబడి ఫలితం కనబడక, మూసేద్దామా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చించారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద ప్రార్థించినవాళ్లు ఐదుగురే. ఆ ఐదుగురికీ 2222కీ మధ్య ఇరవై నాలుగేళ్లు.

మీ పిల్లలకు ఆ అంకె చెప్పేటప్పుడు దయచేసి ఆ ఖాళీ నెలలూ ఏళ్లూ కూడా చెప్పండి. యోసేపు కథలోనూ మేం టీచర్లం ఇదే పొరపాటు చేస్తాం. రంగురంగుల అంగీ దగ్గర పది నిమిషాలు, సింహాసనం దగ్గర పది నిమిషాలు. చెరసాల ఒక్క నిమిషంలో అయిపోతుంది. అమ్ముడుపోయే నాటికి పదిహేడేళ్లవాడు, ఫరో ముందు నిలబడేసరికి ముప్పై ఏళ్లవాడు. చెరసాలలో కల అర్థం చెప్పి, విడుదలవుతావని ధైర్యమిస్తే ఫరో పానదాయకుడు రెండేళ్లు మరిచేపోయాడు. ఇంటరు రెండేళ్లు చదివినవాడికి రెండేళ్లంటే ఎంతో తెలుసు. ఆ రెండేళ్లలో యోసేపు ఏం చేసి ఉంటాడని అడిగి చూడండి, పెద్దపిల్లలు మంచి జవాబులు చెబుతారు.

అలా ఆగడం చేతకాకే రిజల్టుల కాలంలో మనం చేసే బేరం ఒకటుంది. "ప్రభువా, సీటొస్తే సంఘంలో సాక్ష్యం చెబుతాను, కానుక వేస్తాను" అని పిల్లవాడి ముందే ప్రార్థిస్తాం. సీటు రాలేదు. ఆ ఆదివారం సాక్ష్యం లేదు, కానుక లేదు. అమ్మ ముఖంలో నవ్వు కూడా లేదు. తనవల్ల దేవుడు ఓడిపోయాడనుకుంటాడు ఆ పిల్లవాడు. ర్యాంకు రాని ఏడు కూడా లేచి నిలబడి నాలుగు మాటలు సాక్ష్యం చెప్పిన తండ్రిని నేను ఒక్కడినే చూశాను. గొంతు వణికింది గానీ చెప్పాడు.

ఇంకొకటి, నవ్వుకోకండి. కుటుంబ ప్రార్థనను తిట్లకు వాడకండి. "తండ్రీ, ఈ పిల్లోడి మొండితనం తీసెయ్యి, వీడికి బుద్ధి దయచెయ్యి" అని, పక్కనే వాడు కళ్లు మూసుకుని వింటుండగా! ఎదురు చెప్పడానికి వాడికి వీల్లేదు, ఎందుకంటే మనం మాట్లాడుతున్నది దేవుడితో. చెప్పాల్సిందేదైనా ఉంటే ఆమెన్ అన్నాక వాడితోనే చెప్పండి, అదీ నెమ్మదిగా.

ఇక నా బస్సు సంగతి. జక్కయ్యలా నాలుగింతలు తిరిగి ఇచ్చానని చెప్పుకోలేను. తిరుగు ప్రయాణంలో ఫుల్ టికెట్ అడిగాను, అంతే. "ఆ రోజు బస్సులో నేను అబద్ధమాడాను, నువ్వు ముడుచుకోవాల్సొచ్చింది" అని వాడితో అనడానికి మాత్రం మూడు రోజులు పట్టింది. వాడు "పర్లేదమ్మా" అని ఆడుకోడానికి వెళ్లిపోయాడు. కొన్ని నెలల తర్వాత, లెక్కల్లో పద్దెనిమిది మార్కులొచ్చిన పేపరు దాచకుండా తెచ్చి నా ముందు పెట్టాడు. రెండూ ముడిపెట్టను, పిల్లల మనసు మనకేం తెలుసు. పేపరు చూడగానే కోపం వచ్చిందనీ, ముందు లేచి మంచినీళ్లు తాగొచ్చాననీ మాత్రం చెప్పగలను.

ఈ రాత్రి మీ ఇంట్లో ప్రార్థనకు కూర్చున్నప్పుడు పిల్లల తప్పుల కంటే ముందు మీది ఒకటి, ఈ వారంలోదే, పేరు పెట్టి ఒప్పుకోండి. ఒకరిద్దరు కళ్లు తెరిచి మీవైపు చూస్తారు. చూడనివ్వండి.