'దెయిర్' దగ్గర జారకండి

ఎస్సెస్సీ సీజీఎల్ టియర్-1లో 100 ప్రశ్నలకు 60 నిమిషాలు. తప్పు జవాబుకు అర మార్కు కోత. స్పాటింగ్ ఎర్రర్స్‌లో ఆ అర మార్కును మన పిల్లలు 'దెయిర్', 'ఇట్స్' లాంటి చిన్న మాటల దగ్గరే పోగొట్టుకోవడం చూస్తున్నాను.

చేయవలసినవి

సర్వనామం కనబడగానే వెనక్కి నడవండి. అది ఏ నామానికి బదులు వచ్చిందో పట్టుకోండి. 'ఈచ్ ఆఫ్ ద గర్ల్స్ హాజ్ బ్రాట్ దెయిర్ లంచ్' అన్నప్పుడు చెవిలో 'గర్ల్స్' మోగుతుంది. కర్త మాత్రం 'ఈచ్', ఏకవచనం. పరీక్షలో 'హర్' పెట్టాలి. 'ప్రతివాళ్ళూ తన క్యారేజీ తెచ్చుకున్నారు' అన్నా మనకు ఎబ్బెట్టుగా ఉండదు, పైగా 'తన'కు ఆడా మగా తేడా లేదు. అందుకే ఈ చిక్కు మనకు ఆలస్యంగా తెలుస్తుంది. మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువు 2019లో 'దే'ని ఆ ఏటి మాటగా ఎంచుకుంది, ఏకవచనంలో దాని వాడకం అంతగా పెరిగింది. అయినా పరీక్ష హాల్లో ఆ సాహసం వద్దు. 'హిజ్ ఆర్ హర్' ఆప్షన్‌లో ఉంటే అదే పెట్టండి.

వాక్యం '-ఇంగ్' మాటతో మొదలైతే, కామా దాటగానే ఎవరున్నారో చూడండి. 'వాకింగ్ హోమ్, ఎ డాగ్ బిట్ మీ' అంటే ఇంటికి నడిచింది కుక్కే! 'ఇంటికి నడుస్తూ కుక్క నన్ను కరిచింది' అని పైకి అనిచూడండి, మీకే నవ్వొస్తుంది. 'నడుస్తుండగా' అని సర్దుకుంటారు. ఇంగ్లిష్‌లో ఆ సర్దుబాటు 'వైల్ ఐ వజ్ వాకింగ్ హోమ్'. 'వాన కురిసి చెరువు నిండింది' అనే వెసులుబాటు మాత్రం తెలుగుది. దాన్ని 'రెయినింగ్ హెవిలీ, ద ట్యాంక్ ఫిల్డ్' అని అటు మోయకండి.

చేయకూడనివి

వరసలో నిలబెట్టిన మాటలకు మధ్యలో వేషం మార్చకండి. 'హి ఈజ్ హానెస్ట్, పంక్చువల్ అండ్ వర్క్స్ హార్డ్'లో మొదటి రెండూ విశేషణాలు, మూడోది క్రియ. 'హార్డ్‌వర్కింగ్' అంటే వరస కుదిరింది. 'ఎ లెటర్ రిటెన్ ఇన్ హేస్ట్ అండ్ విచ్ నోబడీ రెడ్'దీ ఇదే జబ్బు. 'రిటెన్ ఇన్ హేస్ట్ అండ్ రెడ్ బై నోబడీ' అనాలి. 'నాట్ ఓన్లీ' పక్కన ఏ రూపం ఉందో 'బట్ ఆల్సో' పక్కనా అదే.

పొడవుగా ఉందని ఆప్షన్‌ను కొట్టేయకండి. 'రవి టోల్డ్ కిరణ్ దట్ హి హాడ్ ఫెయిల్డ్' అంటే ఫెయిలైంది ఎవరు? తెలుగులో 'తాను' అంటే రవి, గొడవే లేదు. 'హి'కి ఆ తెలివి లేదు కనుక, పేరు మళ్ళీ రాసిన వాక్యమే నయం.

'నో ఎర్రర్' చూసి భయపడకండి, అదీ జవాబే. ఎంత చూసినా తేలకపోతే వదిలేసి ముందుకెళ్ళండి. ఖాళీగా ఉంచిన ప్రశ్నకు కోత లేదు.