ఇన్‌స్టాలరు తొలి తెరమీది రెండు ప్రశ్నలు: సాఫ్ట్‌వేరు రంగమున ఒక ఉపాధి మార్గము

కడియపులంక, బుర్రిలంక, వేమగిరి గ్రామముల నర్సరీలనుండి లారీలకెక్కిన మొక్కలు పొరుగు రాష్ట్రములకు పోవుట నిత్యము జరుగు వ్యవహారమే గనుక, ఆ మొక్కల లెక్క చూచు గుమస్తా బల్లమీద కంప్యూటరు ఉండుటయు, అందు బిల్లులు వ్రాయు సాఫ్ట్‌వేరు ఒకటి ఉండుటయు ఇప్పుడు వింత కాదు. ఆ సాఫ్ట్‌వేరును ఎక్కించునాడు ఇన్‌స్టాలరు తన తొలి తెరమీద భాష ఏదని, దేశము ఏదని అడుగును. ఎక్కించువాడు తొందరలో ‘నెక్స్ట్‌’ నొక్కుకొనుచు పోవును. అమెరికా ఇంగ్లీషు అట్లే నిలిచిపోవును. పిమ్మట ఏప్రిల్‌ 3వ తేదీన వ్రాసిన బిల్లు 04/03 అని అచ్చుపడగా, దానిని అందుకొన్న బేరగాడు అది మార్చి 4వ తేదీ బిల్లని తలచి, నెల గడువుమీద తెచ్చుకొన్న సరుకునకు గడువు అప్పుడే తీరిపోయినదా అని కలవరపడును. లక్షా ఇరువదియైదు వేల రూపాయలు 1,25,000 అని పడవలసినచోట 125,000 అని పడును. అమెరికావారి లెటరు కాగితము మన ఏ4 కంటె పొట్టి గనుక, కాగితమునకును బిల్లునకును పొత్తు కుదరక అంచులు తప్పును. సాఫ్ట్‌వేరు వ్రాసినవాడు లెక్కలో పొరపడలేదు. మొదటి తెరమీది రెండు ప్రశ్నలకు దొరకిన సమాధానమే తప్పు.

ఈ రెండు ప్రశ్నలను సరిగా అడుగుట, వచ్చిన సమాధానమును సాఫ్ట్‌వేరు యావత్తు పాటించునట్లు చేయుట ఒక వృత్తి. లోకలైజేషన్‌ ఇంజినీరింగు అని దానికి పేరు. ప్రోగ్రాములు వ్రాయుట ఒక్కటే సాఫ్ట్‌వేరు ఉద్యోగమని నమ్మి కోడింగు పరీక్షలకు మాత్రమే సిద్ధపడుచున్న మన ఇంజినీరింగు, బీసీఏ, బీఎస్సీ విద్యార్థులకు ఇట్టి మార్గము కలదని చెప్పువారు తక్కువ, తెలుగు ఎం.ఏ. చదివిన వారికి చెప్పువారు అంతకంటెను తక్కువ. అందుచేత దాని స్వరూపమును కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది.

భాష వేరు, దేశము వేరు. తెరమీది మాటలు ఏ భాషలో కనబడవలెననునది మొదటి విషయము. తేదీ వ్రాయు తీరు, అంకెలను కామాలతో విడదీయు పద్ధతి, నాణెము, కాలమండలము, కాగితపు కొలత, వారము ఏ దినమున ఆరంభమగుననునది, ఇవన్నియు దేశాచారములు. విండోసులో ఈ భేదము నాలుగు పాయలుగా చీలియున్నది: తెరభాష ఒకటి, తేదీలకు అంకెలకు సంబంధించిన ప్రాంతీయ రూపము ఒకటి, యూనికోడు ఎరుగని పాత ప్రోగ్రాములకొరకు నిర్ణయించిన భాష ఒకటి, వాడుకరి నివసించు దేశము ఒకటి. ఒకదానిని చూడవలసినచోట మరియొకదానిని చూచు ఇన్‌స్టాలరులు మిక్కిలి ఉన్నవి. ఇన్నో సెటప్‌ అను ఉచిత సాధనముతో ఇన్‌స్టాలరు కట్టువారికి, భాషను ఎట్లు ఊహింపవలెనని నిర్ణయించుటకు మూడు మార్గములు కలవు: తెరభాషను బట్టి ఊహించుట, ప్రాంతీయ రూపమును బట్టి ఊహించుట, అసలు ఊహింపకుండుట. తెలుగునాట పెక్కుమంది తెరభాష ఇంగ్లీషుగను, ప్రాంతము భారతదేశముగను పెట్టుకొందురు గదా; వారి కంప్యూటరుపై ఈ మూడింటిలో దేనిని ఎన్నుకొనిన ఏమగునో ముందుగా చెప్పగలిగినవాడు ఈ వృత్తిలో సగము దూరము వచ్చినవాడే.

ఈ భేదము విస్పష్టముగా కనబడు చోటు డెబియన్‌ అను స్వేచ్ఛా ఆపరేటింగు సిస్టము యొక్క ఇన్‌స్టాలరు. అది మొదట భాషను, తరువాత దేశమును అడుగును. ఇంగ్లీషును ఎన్నుకొన్నవారికి ఆ భాష వాడుక గల దేశముల పట్టిక ఎదుట నిలుచును. తెలుగును ఎన్నుకొన్నవారికి ఆ భాషతో ముడిపడిన దేశము ఒక్కటియే గనుక, ఆసియా ఖండపు పట్టిక కనబడి అందు భారతదేశము ముందే గుర్తింపబడియుండును. ఇక్కడ న్యూజెర్సీలోనో డాలసులోనో కాపురమున్న తెలుగువానిని తలచుకొనుడు. అతనికి మాటలు తెలుగున కావలెను, దేశము అమెరికా. వెనుకకు పోయి వేరొక ఖండమునుండి అమెరికాను ఎన్నుకొనినచో కాలమండలము సరిగానే కుదురును. కాని తెలుగు-అమెరికా అను జంటకు సిద్ధముగా చేసిపెట్టిన లొకేలు, అనగా ఒక భాషకు ఒక దేశాచారమును జతచేసిన అమరిక, లేదు. తెలుగునకు ఉన్న లొకేలు తెలుగు-భారతదేశము ఒక్కటియే. పెక్కు లొకేలులు గల భాషయైనచో ఏది కావలెనని ఇన్‌స్టాలరు అడిగియుండును; ఒక్కటియే గనుక అడుగకయే దానిని నిలుపును. అతని గడియారము అమెరికాది, నాణెపు గుర్తు రూపాయి. లొకేలు అనునది విడదీయరాని ముద్ద కాదనియు, మాటలకు, కాలమునకు, సొమ్మునకు, అంకెలకు, అక్షరక్రమమునకు వేరువేరు విభాగములు అందు కలవనియు, సందేశములను తెలుగునందే ఉంచి తేదీలను సొమ్మును అమెరికా పద్ధతికి మార్చుకొనవచ్చుననియు తెలిసినవాడు ఈ చిక్కును క్షణములో విప్పును. విదేశములలో లక్షల తెలుగు కుటుంబములుండగా ఈ చిక్కును స్వల్పమని నేను తలపను.

తెలుగునకు ప్రత్యేకమైన బాధలు మరికొన్ని కలవు. 1991లో వెలువడిన యూనికోడు మొదటి సంపుటముననే మన లిపికి స్థానము దొరకినది. విండోస్‌ ఎక్స్‌పీతో పాటు గౌతమి యను ఫాంటు వచ్చినది. కాని విండోసు పాత పద్ధతిలో రష్యను, అరబ్బీ వంటి భాషలకున్న కోడుపేజీ, అనగా అక్షరసంకేతముల పట్టిక, తెలుగునకు ఎన్నడును లేదు. అందుచేత యూనికోడు ఎరుగని ఇన్‌స్టాలరులో తెలుగు లైసెన్సు పత్రమును పెట్టినచో, సాధారణముగా ప్రశ్నార్థక చిహ్నముల వరుసయే కనబడును. ఇన్నో సెటప్‌ తన 6వ సంచికతో యూనికోడు లేని రూపమును విడిచిపెట్టినది. పాత సాధనములతో కట్టిన ఇన్‌స్టాలరులు మాత్రము నేటికిని కార్యాలయములలో తిరుగుచునేయున్నవి. ఇంకొక బాధ వత్తులది. ఇంగ్లీషు అక్షరములకు సరిపోవు ఎత్తుతో కట్టిన బొత్తాములో ‘రాష్ట్రము’ అను మాటను వ్రాసి చూడుడు. అడుగున వ్రేలాడు వత్తులు తెగిపోవును. మూడవది వాక్యనిర్మాణము: ఫైలు పేరును, ఫోల్డరు పేరును మధ్యమధ్య ఇంగ్లీషు ముక్కలతో అతికించి సందేశము తయారుచేయు ప్రోగ్రాము, క్రియ చివర వచ్చు మన భాషలో అర్థరహితమైన వాక్యమునే పలుకును. పూర్ణవాక్యమును అనువాదకునకు ఇచ్చి, పేర్లు వచ్చు స్థానములను అతడే మార్చుకొను వీలు కల్పించుటయే దీనికి మందు. మరియొకటి, వాడుకరి తన ఖాతాకు తెలుగులో పేరు పెట్టుకొనినచో అతని ఫోల్డరు పేరు తెలుగున ఏర్పడును. ఆ దారిలో పోలేక మధ్యలో ఆగిపోవు ఇన్‌స్టాలరులు ఉన్నవి. ఈ పరీక్షను తెలుగు విద్యార్థి చేసినంత సహజముగా ఇతరులు చేయలేరు.

అట్లని తెలుగుతోనే ఆగరాదు. తుర్కీ భాషలో చుక్కగల ‘ఐ’ వేరు, చుక్కలేని ‘ఐ’ వేరు. చుక్కగల చిన్న ‘ఐ’ని పెద్దక్షరముగా మార్చినను చుక్క పోదు. ఫైలు పేర్లను పెద్దక్షరములలోనికి మార్చి పోల్చి చూచు ప్రోగ్రాము, తుర్కీ అమరికయందు తన ఫైలునే తాను గుర్తింపలేకపోవును. జర్మనులు దశాంశమునకు చుక్కకు బదులు కామా వాడుదురు. అమరికల ఫైలులో 1.5 అని వ్రాసినదానిని జర్మను అమరికలో చదివినచో కొన్ని ప్రోగ్రాములకు అది 15 అగును. ఇట్టివి ఎరిగినవానిని ఏ సంస్థయైనను పరీక్షకునిగా ఆదరించును.

అభ్యాసమునకు ధనము అక్కరలేదు. వర్చువల్‌ బాక్స్‌ వంటి ఉచిత సాధనముతో మీ కంప్యూటరులోనే మరియొక కంప్యూటరును సృష్టించి, డెబియను, ఫెడోరాలను తెలుగు భాషతో ఒకమారు, ఇంగ్లీషు భాష భారతదేశముతో ఒకమారు, తెలుగు భాష అమెరికాతో ఒకమారు ఎక్కించి, ప్రతిమారు తేదీ, అంకె, నాణెము, కీబోర్డు ఎట్లు వచ్చినవో వ్రాసికొనుడు. పిమ్మట ఇన్నో సెటప్‌తో ఒక చిన్న ఇన్‌స్టాలరును మీరే కట్టి, దానికి తెలుగు సందేశముల ఫైలును చేర్చుడు. పాత సంచికపై క్రొత్తదానిని ఎక్కించునపుడు మునుపటి భాష నిలుచుచున్నదా, తెర లేకుండ ఆదేశవాక్యముతో ఎక్కించునపుడు భాషను ముందుగా చెప్పుటకు వీలున్నదా యనునవి కూడ చూడుడు. భాషలకు, దేశములకు ఉన్న ఐఎస్‌ఓ సంకేతములు, యూనికోడువారి సీఎల్‌డీఆర్‌ లొకేలు వివరముల భాండారము, అనువాదములను దాచు గెట్‌టెక్స్ట్‌ పీవో ఫైళ్లు, ఈ మూడింటితో పరిచయము తప్పనిసరి. లిబ్రే ఆఫీసు, ఫైర్‌ఫాక్సు, డెబియను తెలుగు అనువాదములలో స్వచ్ఛందముగా పాల్గొనుటకు అవకాశమున్నది. అచ్చట మీరు చేసిన పని ఎవరైన తెరచి చూడగలిగినట్టిది గనుక దరఖాస్తుతో పంపు ధ్రువపత్రముకంటె దానికే నేను ఎక్కువ విలువ నిత్తును.

చదువును కొనసాగింపగోరువారికి హైదరాబాదు ట్రిపుల్‌ ఐటీలో భాషాసాంకేతిక పరిశోధన కేంద్రమును, హైదరాబాదు విశ్వవిద్యాలయములో అనువర్తిత భాషాశాస్త్ర, అనువాద అధ్యయన కేంద్రమును కలవు. ఉద్యోగముల విషయమున ఒక మాట నిర్మొగమాటముగా చెప్పవలెను. మాటకింత యని కూలి కట్టియిచ్చు అనువాదపు పని ఒక్కదానినే నమ్ముకొని జీవించుట నేడు కష్టము. యంత్రానువాదము ఆ కూలిని తగ్గించుచున్నది, పని కూడ ఎడతెగక దొరకునది కాదు. ఇన్‌స్టాలరు కట్టువాడు, దానిని పలు భాషలలో పరీక్షించువాడు, అనువాదముల రాకపోకలను స్క్రిప్టులతో నడపువాడు, ఈ ముగ్గురి స్థితి అంతకంటె మేలు. కావున తెలుగు చదివినవారు పైథాను వంటి ఒక ప్రోగ్రామింగు భాషను నేర్చుకొనవలెను; కంప్యూటరు చదివినవారు తెలుగున నాలుగు వాక్యములు తప్పు లేకుండ వ్రాయుట నేర్చుకొనవలెను. ఇంగ్లీషు ఇరువురకును కావలెను, ఏలనగా దోషమును కనుగొన్న తరువాత దానిని దూరదేశమున నున్న ప్రోగ్రామరునకు వివరింపవలసినది ఆ భాషలోనే.

ఆ వివరణమును వ్రాయు తీరునుబట్టియే పెక్కు సంస్థలు అభ్యర్థిని అంచనా వేయును. ‘తెలుగు సరిగా రావడము లేదు’ అని వ్రాసినవాని నివేదిక మూలపడును. ఏ ఆపరేటింగు సిస్టము, దాని ఏ సంచిక, తెరభాష ఏది, ప్రాంతీయ రూపము ఏది, ఏ తెరమీద ఏ బొత్తాము నొక్కగా ఏమి కనబడినది, ఏమి కనబడవలసియుండెను అని వరుసగా వ్రాసి, తెర చిత్రమును జతచేసి, అదే పనిని ఇంగ్లీషు అమరికలో చేయగా దోషము కనబడినదో లేదో కూడ చేర్చిన నివేదికలు రెండుమూడు మీ చేతనుండినచో, ముఖాముఖికి పోవునపుడు వానిని వెంట తీసికొనిపొండు.