కత్తెర పెట్టకముందే

కుట్టు, తలకి రంగు, వంట. ఈ మూడింటినీ ఒక్కచోట చేర్చానేమిటా అని నవ్వుకోకండి. కుట్టు నేర్చుకుందామని నా దగ్గరికొచ్చే పిల్లలు కాసేపయ్యాక "మామ్మగారూ, జుట్టుకి ఏం పెడతారు?" అంటారు. ఇంకాసేపయ్యాక "పప్పు ఎంత ఉడికించినా పలుకుగానే ఉంటోంది, ఎందుకూ?" అంటారు. ఈమధ్య మగపిల్లలూ అడుగుతున్నారు, మంచిదే. ఈ మూడు పనుల్లోనూ వెనక్కి తీసుకోలేని మెట్టు ఒకటుంది. గుడ్డకి కత్తెర పడ్డాక, జుట్టుకి రంగు పట్టాక, కూరలో ఉప్పు కరిగాక చేయగలిగేది పెద్దగా ఉండదు. ఆ మెట్టుకి ముందు ఎంత నిదానంగా ఉంటే తర్వాత అంత సుఖం. నేను నేర్చుకున్నది ఈ ఒక్క ముక్కే. మిగతావన్నీ దాని వివరాలు.

1. మిషను కొనే ముందు చేతిసూది పట్టండి

ఊడిన హుక్కు, తెగిన గుండీ, విడిపోయిన చీర ఫాల్. వీటికి దర్జీ దగ్గరికి పరుగెత్తకుండా మీరే కూర్చోండి. ఫాల్ మంచి గురువు. దాన్ని నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసి, కుచ్చిళ్ళు వచ్చే మేర చీర లోపలివైపు అంచుకి సమంగా పెట్టుకోవాలి. సూది చీర పోగులు ఒకటో రెండో మాత్రమే అందుకోవాలి. పైనుంచి చూస్తే కుట్టు కనబడకపోతే మీ చెయ్యి కుదిరినట్టే. తర్వాత మిషను. దారం ఎక్కించకుండా, పాత సూదితో, గీతల నోటుపుస్తకం కాగితం మీద గీత వెంట తొక్కండి. గీత తప్పకుండా వెళ్ళడం వచ్చాక దిండు గలీబు కుట్టండి. అన్నీ సూటి కుట్లే, ఎక్కడా వంపు లేదు. మొదటి గుడ్డ జాకెట్టు ముక్క కాకూడదు, పాత దుప్పటి కావాలి.

2. ముందు తడపండి, తర్వాత కొయ్యండి

నూలు గుడ్డ మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది. పైగుడ్డ పట్టు, లోపల లైనింగు నూలు అయితే ఇక చెప్పక్కర్లేదు. లైనింగు కుదించుకుని పైగుడ్డని లాగుతుంది, జాకెట్టంతా ముడతలు. అందుకే లైనింగుని రాత్రి నీళ్ళలో వేసి, పొద్దున నీడలో ఆరేసి, ఇస్త్రీ చేశాకే కొలతలు గియ్యండి. ఎరుపు, ముదురు నీలం గుడ్డలకి ఇంకో పరీక్ష ఉంది. తడిపిన తెల్లగుడ్డతో ఒక మూల గట్టిగా రుద్దండి. తెల్లగుడ్డకి రంగు అంటితే అది లేతరంగు చీర మీదికి పనికిరాదు.

3. కోసేటప్పుడు ఉదారంగా ఉండండి

కుదిరిన జాకెట్టునే కొలతకి పెట్టుకోండి. దాన్ని విప్పక్కర్లేదు, పరిచి భుజం, ఛాతీ, నడుము, చంక, చేతి పొడవు తీసుకుని ముందు పేపరు మీద గీసుకోండి. పేపరు పాడైతే ఇంకోటి ఉంటుంది. పక్క కుట్లకి లోపల ఇంచున్నర గుడ్డ వదలండి. మంచి దర్జీలు పక్కన రెండు మూడు వరసలు కుట్టి ఇవ్వడం మీరు చూసే ఉంటారు. ఒళ్ళు చేస్తే ఒక వరస విప్పుకోవడానికే అది. మెడ మాత్రం గీసినదానికన్నా అర ఇంచు తక్కువ కొయ్యండి. చిన్న మెడని పెద్దది చెయ్యొచ్చు, పెద్ద మెడని చిన్నది చెయ్యలేం. చేతులు కోసేటప్పుడు గుడ్డని మంచివైపు లోపలికి వచ్చేలా మడిచి రెండూ కలిపి కొయ్యండి. విడివిడిగా కోస్తే రెండూ ఒకే భుజానివి అయిపోతాయి. మెడపట్టీకి గుడ్డని ఏటవాలుగా, అంటే క్రాస్‌గా కోస్తేనే వంపు దగ్గర సాగి ఒదుగుతుంది.

4. కింద ఉచ్చులు పడితే పైన చూడండి

కొత్తవాళ్ళని ఎక్కువగా ఏడిపించేది ఇదే. గుడ్డ తిప్పి చూస్తే కింద దారమంతా ఉచ్చులు. వెంటనే బాబిన్ మీద అనుమానం. నిజానికి చాలాసార్లు తప్పు పైదారంలో ఉంటుంది. పైదారం వదులుగా ఉండటమో, ఒక కొక్కెం తప్పిపోవటమో, పాదం దించకుండా తొక్కటమో కారణం. పాదం ఎత్తి పైదారం మొత్తం తీసి మళ్ళీ ఎక్కించండి. మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల కొసలూ వెనక్కి లాగి పట్టుకోండి. కుట్టు వదిలేస్తూ పోతుంటే సూదిని చూడండి. దాని చదునువైపు షటిలు వైపుకి, పొడుగు గాడి దారం దూరే వైపుకి ఉండాలి. పల్చటి గుడ్డకి 11, మామూలు నూలుకి 14, మందానికి 16, జీన్సుకి 18. ఇవేవీ చూడకుండా మిషన్ని తిట్టడం ఆడలేక మద్దెల ఓడన్నట్టే. ఇక్కడినుంచి అమెరికాకి కుట్టుమిషను మోటారు పట్టుకెళ్ళే పిల్లలకి ఒక మాట. మన మోటారు 230 వోల్టులది, అక్కడి కరెంటు 120. అక్కడే కొనుక్కోండి.

5. గోరింటాకు చేసేదేమిటో, చెయ్యనిదేమిటో తెలుసుకోండి

నెరిసిన జుట్టుకి ఉట్టి గోరింటాకు పెడితే నల్లబడదు, నారింజ ఎరుపు వస్తుంది. ఇనుప మూకుట్లో టీ డికాక్షనుతో నానబెడితే ఆ ఎరుపు కాస్త ముదురుతుంది, అంతే. నలుపు కావాలంటే దాని మీద నీలి ఆకు పొడి పెట్టాలి. గోరింటాకు గంటల తరబడి నానాలి. నీలి ఆకు అలా కాదు. గోరువెచ్చని నీళ్ళలో కలిపిన పది పదిహేను నిమిషాలకే తలకి పట్టించాలి, ఆలస్యమైతే దాని సత్తువ పోతుంది. కడిగిన వెంటనే అద్దంలో పచ్చటి ఛాయ కనబడితే కంగారుపడకండి. గాలి తగులుతూ ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది. ఆ రెండు రోజులూ షాంపూ వద్దు. మరి పది నిమిషాల్లో కారునలుపు తెచ్చే "బ్లాక్ హెన్నా" మాటేమిటి? చాలావరకు అందులో పనిచేసేది ఆకు కాదు, పీపీడీ అనే రసాయనం. పారా ఫినైలీన్ డయమీన్ దాని పూర్తి పేరు. ప్యాకెట్టు ముందువైపు ఆకు బొమ్మ ఉంటుంది, వెనకవైపు చిన్నక్షరాల్లో అసలు సంగతి ఉంటుంది. వెనకవైపు చదవండి.

6. రెండు రోజులు ఆగలేనివాళ్ళు రంగు జోలికి పోవద్దు

పెళ్ళి రేపనగా ఈ సాయంత్రం రంగు పెట్టె విప్పేవాళ్ళు ఎందరో. తలకి పెట్టే 48 గంటల ముందు చెవి వెనకో, మోచేతి మడతలోనో చుక్క రాసి చూడాలి. ఎర్రబడినా, దురద పుట్టినా, వాచినా ఆ రంగు మీది కాదు. "ఏళ్ళ తరబడి ఇదే పెడుతున్నాను, నాకేం కాదు" అనే ధీమా పనికిరాదు. ఇన్నాళ్ళూ పడినది ఇవాళ పడకపోవచ్చు, ఈ ఎలర్జీ ఎప్పుడైనా మొదలుకావచ్చు. "అమోనియా లేదు" అని రాసి ఉన్నా పీపీడీ ఉండొచ్చు, రెండూ వేరు. కనుబొమలకీ రెప్పలకీ తలరంగు ఎప్పుడూ రాయకండి, కళ్ళకి ప్రమాదం. ముఖం వాచినా, ఊపిరి కష్టమైనా ఇంటివైద్యం పెట్టుకోకుండా ఆసుపత్రికి వెళ్ళండి. ఈ రంగు కడుపులోకి పోతే ప్రాణాంతకం. ప్యాకెట్టునీ, కలిపిన గిన్నెనీ పిల్లలకి అందనివ్వకండి.

7. కావలసినదానికన్నా ఒక ఛాయ లేతగా మొదలుపెట్టండి

లేతదాన్ని ముదురు చెయ్యడం సులువు. ముదిరినదాన్ని లేత చెయ్యాలంటే చాలావరకు బ్లీచే దారి, రంగు మీద ఇంకో రంగు వేస్తే లేతకాదు. దువ్వెనకి వచ్చిన చిక్కుజుట్టు పోగుచేసి ఉంచుకోండి. మన అమ్మమ్మలు దానితో సవరాలు కట్టించుకునేవారు, మీకు అది రంగు పరీక్షకి పనికొస్తుంది. అందులో తెల్లవెంట్రుకలూ ఉంటాయి కాబట్టి తలమీద ఏ రంగు వస్తుందో ముందే తెలిసిపోతుంది. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. తెల్లబడి కనిపించేది ఆ మొదళ్ళే. ప్రతిసారీ మొదళ్ళకే పెట్టండి. కొసలదాకా పూస్తూపోతే అవి మరీ నల్లబడి, పెళుసుబారి తెగిపోతాయి. నుదుటి అంచుకీ చెవులకీ వాజిలైను రాసుకోవడం, చేతులకి తొడుగులు, గాజుదో ప్లాస్టిక్‌దో గిన్నె. వీటికి పెద్ద వివరణ అక్కర్లేదు. మిగిలిపోయిన మిశ్రమాన్ని మాత్రం సీసాలో పోసి బిగించకండి. లోపల వాయువు పుట్టి సీసా పగలొచ్చు. పారబోయండి.

8. వంటకి చేతికొలత తర్వాత, చెంచా కొలత ముందు

అమ్మ చేతికొలత అమ్మకే. ఫోనులో "కాస్త వెయ్యి, చూసుకుని వెయ్యి" అంటుందిగానీ, ఆ కాస్త ఎంతో మీకు తెలియదు. అందుకని ఒకే గ్లాసు, ఒకే చెంచా పెట్టుకుని వేసినదల్లా కాగితం మీద రాసుకోండి. ఉప్పు మారిస్తే కొలత మారుతుందని గుర్తుంచుకోండి. చెంచాడు రాళ్ళుప్పు బరువు చెంచాడు మెత్తటి ఉప్పుకన్నా తక్కువ. బియ్యమూ అంతే. బాపట్లలో పుట్టి 1986లో రైతుల చేతికొచ్చిన సాంబమసూరినే తీసుకోండి. పాత బియ్యమైతే గ్లాసుకి రెండు గ్లాసుల నీళ్ళు పడతాయి. అవే కొత్త బియ్యమైతే అన్ని నీళ్ళు పోస్తే ముద్దవుతుంది, కాస్త తగ్గించాలి. బస్తా మారినప్పుడు మొదటిరోజు తక్కువ బియ్యం వండి చూసుకోండి. ఇక ఉప్పు ఎక్కువైతే బంగాళదుంప వేస్తే పీల్చేస్తుందన్న మాట నమ్మకండి. దుంప పీల్చేది ఉప్పగా ఉన్న పులుసుని, ఉప్పునొక్కదాన్నే కాదు. మిగిలిన పులుసు అంతే ఉప్పగా ఉంటుంది. ఉప్పు వెయ్యని పప్పో, ఉడికిన కూరముక్కలో కలిపి పరిమాణం పెంచడమే దారి. ముప్పాతిక ఉప్పుతో మొదలుపెట్టి, దించేముందు రుచి చూసి మిగతాది వేసుకుంటే ఈ తిప్పలే ఉండవు.

9. ఏది ఎప్పుడు పడాలో అదే వంట

పప్పు పలుకుగా ఎందుకుంటుందన్న ప్రశ్నకి జవాబు చాలాసార్లు చింతపండే. పులుపు తగిలితే పప్పుగానీ కూరముక్కగానీ మెత్తబడడం మందగిస్తుంది. కందిపప్పుని అరగంట నానబెట్టి, కప్పుకి మూడు కప్పుల నీళ్ళతో మెత్తగా ఉడికించి, ఆ తర్వాతే పులుసు పొయ్యండి. పోపుకీ వరస ఉంది. నూనె కాగాక ఆవాలు, అవి చిటపటలాడాక శనగపప్పు, మినప్పప్పు. అవి ఎర్రబడుతుండగా జీలకర్ర, ఎండుమిర్చి. ఆఖరున ఇంగువ, తడి తుడిచిన కరివేపాకు. అన్నీ ఒకేసారి వేస్తే జీలకర్ర మాడుతుంది, శనగపప్పు పచ్చిగా ఉంటుంది. బెండకాయలు కడిగి, తుడిచి, ఆరాకే కొయ్యాలి. మూత పెట్టకుండా వేయించి ఉప్పు చివర్లో వేస్తే జిగురు ఉండదు. బీరకాయకి నీళ్ళు పొయ్యొద్దు, దాని నీళ్ళే దానికి చాలు. తోటకూర మూకుడు నిండా కనిపిస్తుంది, మగ్గితే పిడికెడు. ఉప్పు మగ్గాక చూసి వెయ్యండి. కూర అడుగంటితే గరిటెతో గోకకండి, పైది మాత్రం వేరే గిన్నెలోకి తీసుకోండి.

10. పొయ్యి దగ్గర ధైర్యం కన్నా జాగ్రత్త ముఖ్యం

జారే సిల్కు చున్నీలు, నైలాన్ నైటీలు వంటింట్లో వద్దు, నూలు కట్టుకోండి. మూకుట్లో నూనె అంటుకుంటే నీళ్ళు పొయ్యకూడదు. పోస్తే మంట ఎగసి మీదికొస్తుంది. స్టవ్ ఆపి, పెద్ద మూతతో మూసి, చల్లారేదాకా కదపకండి. కుక్కర్లో పప్పు, బియ్యం నీళ్ళతో కలిపి సగానికి మించకూడదు. పొంగిన నురగ ఆవిరి దారిని మూసేస్తుంది. ఆవిరి పూర్తిగా పోకుండా మూత తియ్యకండి.

11. మనం చెయ్యకూడనివీ ఉన్నాయి

పెళ్ళిపట్టు జాకెట్టు, దాని మీద మగ్గం పని ఉంటే మరీను, అనుభవమున్న దర్జీకే ఇవ్వండి. నల్లటి జుట్టుని బ్లీచు చేసి బంగారురంగు తేవడం సెలూన్ పని. తల మీద పుండ్లు, గాట్లు ఉన్నప్పుడు ఏ రంగూ వద్దు. సంవత్సరం పొడుగునా ఉండాల్సిన ఆవకాయ ఒంటరిగా మొదటిసారే జాడీ నిండా పెట్టకండి. పక్కన తెలిసినవాళ్ళుంటే ఒక చిన్న సీసాడు కలపండి. పూర్తిగా మనమే చెయ్యాలన్న పంతం డబ్బు ఆదా చెయ్యదు, చాలాసార్లు రెండింతలు ఖర్చు పెట్టిస్తుంది.

చివరగా ఒక మాట. మూడూ ఒకేసారి మొదలుపెట్టకండి. ఏదో ఒకటి ఎంచుకుని, పాడైనా బాధలేని వస్తువు మీద ఈ ఆదివారమే మొదలుపెట్టండి. కుట్టయితే పాత దుప్పటి, రంగయితే దువ్వెన జుట్టు, వంటయితే గ్లాసుడు బియ్యం. అక్కడ చెయ్యి తిరిగాకే కొత్త గుడ్డ, సొంత తల, పదిమంది చుట్టాలు.