ప్రేమ, వేగు, ప్రమాదం: చారిత్రక నవలను చదువుదాం

“గోన గన్నారెడ్డి నిజంగా ఉన్నాడా టీచర్?”

ఏ ఊరికి బదిలీ అయినా తెలుగు తరగతిలో మాకు ఎదురయ్యే ప్రశ్న ఇది. 2015లో వచ్చిన ‘రుద్రమదేవి’ సినిమా చూసిన పిల్లలే ఎక్కువగా అడుగుతారు. ఉన్నాడు అనగానే ముఖాలు వెలిగిపోతాయి. “మరి సినిమాలోలాగే దొంగగా తిరిగాడా?” అని రెండో ప్రశ్న వస్తుంది. దానికి ఒక్క మాటలో జవాబు చెప్పలేం. అందుకే ఈసారి మన తెలుగు పుటల్లో ఆ రెండో ప్రశ్ననే పాఠంగా పెట్టుకున్నాం.

పాతకాలపు రాజ్యాలు, ఒక ప్రేమకథ, రహస్య దూతలు, ప్రాణం మీదికి వచ్చే ఘట్టాలు కలిసిన నవలలు మన భాషలో చాలానే ఉన్నాయి. అడవి బాపిరాజు గారి ‘హిమబిందు’ శాతవాహనుల కాలానిది, ‘గోన గన్నారెడ్డి’ కాకతీయుల కాలానిది. నోరి నరసింహశాస్త్రి గారు కూడా ‘రుద్రమదేవి’ పేరుతో ఒక నవల రాశారు. విశ్వనాథ సత్యనారాయణ గారి ‘ఏకవీర’ మధుర నాయక రాజుల కాలంలో జరుగుతుంది. వీటిలో వేగులవాడు లేని రాజ్యం కనిపించడం అరుదు.

ముందు మాట సంగతి చూద్దాం. వేగు అంటే రహస్యంగా తెలుసుకుని వచ్చే సమాచారం. ఆ పని చేసేవాడు వేగులవాడు. సంస్కృతం నుంచి వచ్చిన మాటలు చారుడు, గూఢచారి. ‘వేగుచుక్క’ అన్న మాట విని అది కూడా గూఢచారి చుక్కే అనుకోకండి. అందులోని వేగు తెల్లవారడానికి సంబంధించినది. వేకువలో కనిపించేది కాబట్టి వేగుచుక్క.

శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’లో యామునాచార్యుడి చేత కొడుక్కి రాజనీతి చెప్పిస్తాడు. అందులో చారుడు ఎలా ఉండాలో కూడా ఉంది. చారుడికి పలు భాషలు రావాలట. చూడగానే గుర్తుపట్టే ప్రత్యేక చిహ్నాలేవీ ఒంటి మీద ఉండకూడదట. ఈ సంగతి చెప్పినప్పుడు ఒక తరగతిలో నాలుగు భాషలు వచ్చిన పిల్లవాడు ఒకడు చాలా గర్వంగా నిటారుగా కూర్చున్నాడు. మూడేళ్లకోసారి కొత్త ఊరు, కొత్త భాష, కొత్త స్నేహాలు అలవాటైన మీలాంటివాళ్లకు వేగులవాడి కష్టం మిగతావాళ్లకంటే తొందరగా అర్థమవుతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఈ నవలల్లో ప్రేమకథను రుచి కోసం కలిపారని, గూఢచర్యాన్ని ఉత్కంఠ కోసం కలిపారని చాలామంది అనుకుంటారు. మేము అలా అనుకోం. ఆ రెండూ ఒకదాన్నొకటి వెతుక్కుంటూ వస్తాయి. వేగులవాడి పని కోటగోడల ఎత్తు కొలవడంతో అయిపోదు. ఎదుటివాడు దేన్ని వదులుకోలేడో కనిపెట్టడమే అతని పనిలో పెద్ద భాగం. మనిషి వదులుకోలేనిది సాధారణంగా మరో మనిషే అయి ఉంటుంది.

దీనికి మంచి ఉదాహరణ నవల కాదు, విశాఖదత్తుడి సంస్కృత నాటకం ‘ముద్రారాక్షసం’. నందవంశం కూలిపోయింది. చంద్రగుప్తుడు సింహాసనం ఎక్కాడు. నందుల మంత్రి రాక్షసుడు మాత్రం లొంగలేదు. (రాక్షసుడు అన్నది అతని పేరు. మనిషి చాలా మంచివాడు.) అతను తన భార్యాబిడ్డలను పాటలీపుత్రంలోనే చందనదాసు అనే వర్తకుడి ఇంట్లో దాచి వెళ్లాడు. చాణక్యుడి వేగు నిపుణకుడు యమపటం చూపిస్తూ, పాటలు పాడుకుంటూ ఇల్లిల్లూ తిరిగేవాడి వేషంలో ఆ ఇంటికి వెళ్తాడు. లోపలి నుంచి ఐదేళ్ల పిల్లవాడు ఆ పటం చూడాలని బయటికి పరిగెత్తుకొస్తాడు. కంగారుగా ఒక స్త్రీ చెయ్యి చాచి వాణ్ణి లోపలికి లాగుతుంది. ఆ తొందరలో ఆమె వేలి ఉంగరం జారి, దొర్లుకుంటూ వచ్చి నిపుణకుడి కాళ్ల దగ్గర ఆగుతుంది. మగవాడి వేలికి చేసిన ఉంగరం కదా, వదులుగా ఉండి జారిపోయింది. దాని మీద రాక్షసుడి పేరు ఉంది.

నాటకం మొత్తం ఆ ఉంగరం మీదే తిరుగుతుంది. దానితో ముద్ర వేసిన ఒక్క ఉత్తరంతో చాణక్యుడు శత్రువుల కూటమిని విడగొడతాడు. అక్కడితో ఆగడు. చందనదాసుకు మరణశిక్ష అని చాటింపు వేయిస్తాడు. స్నేహితుణ్ణి కాపాడుకోవడానికి రాక్షసుడు తానే వచ్చి లొంగిపోతాడు. చూడండి, ఇందులో నాయికానాయకుల ప్రేమ లేదు. ఉన్నవి ఒక తల్లి కంగారు, ఒక స్నేహితుడి విశ్వాసం. వేగులవాడు పట్టుకున్నది ఆ రెండింటినే. యుద్ధం లేకుండా యుద్ధం ముగిసింది. చాణక్యుడి తెలివికి అందరూ చప్పట్లు కొడతారు కానీ, మాకు మాత్రం ఆ నాటకంలో అందరికంటే ఎత్తుగా కనిపించేది చందనదాసే.

అదే నాటకంలో విషకన్య ప్రస్తావన కూడా ఉంది. చంద్రగుప్తుణ్ణి చంపడానికి పంపిన విషకన్యను చాణక్యుడు పర్వతకుడి మీదికి మళ్లించాడంటారు. బాపిరాజు గారు ఆ ఊహను ‘హిమబిందు’లోకి తీసుకొచ్చి తలకిందులు చేశారు. అక్కడ తాతే మనవరాలిని విషకన్యగా పెంచుతాడు. ఎవరిని చంపడానికి ఆమెను సిద్ధం చేశారో ఆ రాకుమారుడే ఆమెను ప్రేమిస్తాడు. ఆయుధంగా పెంచిన పిల్లకు మనసు ఉంటుందన్న లెక్క తాత వేసుకోలేదు. (చిన్నప్పటి నుంచి కొంచెంకొంచెం విషం తినిపిస్తే ఒళ్లంతా విషమైపోతుందన్నది కథల్లోని నమ్మకం. సైన్సు టీచర్‌ను అడిగితే ఎందుకు కుదరదో చెబుతారు.)

ఇక గన్నారెడ్డి దగ్గరికి వద్దాం. బాపిరాజు గారు 1895లో పుట్టారు, 1952లో పోయారు. నవలాకారుడే కాదు, చిత్రకారుడు కూడా. ఆయన నవలల్లో నగల గురించి, చీరల రంగుల గురించి పేజీలకు పేజీలు రావడం అందుకే. అలాంటి చోట మీకు విసుగు వస్తే నెమ్మదిగా దాటి ముందుకు వెళ్లండి. రెండోసారి చదివేటప్పుడు వెనక్కి రావచ్చు.

‘గోన గన్నారెడ్డి’ ఒక పెళ్లితో ఊపందుకుంటుంది. వర్ధమానపురాన్ని పినతండ్రి లకుమారెడ్డి ఆక్రమించాడు. అతని కొడుకు వరదారెడ్డికి, ఆదవోని ప్రభువు కూతురు అన్నాంబికకు పెళ్లి జరుగుతుంటే, గజదొంగగా పేరుపడ్డ గన్నారెడ్డి వచ్చి పెళ్లికొడుకును ఎత్తుకుపోతాడు. పెళ్లికూతుర్ని కాదు, పెళ్లికొడుకును! ఇష్టంలేని పెళ్లి తప్పిపోయిన అన్నాంబిక ఓరుగల్లు చేరి రుద్రమదేవి అండన నిలుస్తుంది. తనను కాపాడిన దొంగ మీద ఆమెకు ప్రేమ పుడుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. ఆ దొంగ నిజానికి రుద్రమకు విధేయుడు. తిరుగుబాటు సామంతుల బలాన్ని లోపలి నుంచి విరగ్గొట్టడానికే దొంగ వేషం వేశాడు. ఆ సంగతి లోకానికి తెలిస్తే పని చెడుతుంది. తెలియకపోతే అన్నాంబిక రాజ్యద్రోహిని ప్రేమించినట్టవుతుంది. ఒక పక్క రాజు కూతురిగా ఆమె గౌరవం, మరో పక్క ఎవరికీ చెప్పలేని అతని ముసుగు. నవల చదువుతున్నంతసేపూ మనల్ని లాగేది కత్తియుద్ధాలకంటే ఈ ఇరకాటమే.

రుద్రమ కూడా ఒక విధంగా ముసుగులోనే ఉంది. కొడుకులు లేని గణపతిదేవుడు ఆమెను వారసుడిగా నిలబెట్టాడు. శాసనాల్లో ఆమె పేరు రుద్రదేవ మహారాజు అని మగపేరుగానే కనిపిస్తుంది. ఇది కల్పన కాదు. అయితే ఆ మగపేరు వెనక ఒక అమ్మాయి చాళుక్య వీరభద్రుణ్ణి చూసి ఏమనుకుంది, తన మాట ఎవరితో చెప్పుకుంది అన్నది ఏ శాసనమూ రాయలేదు. పెళ్లి జరిగిందని మాత్రం చరిత్ర చెబుతుంది. మిగిలిన ఖాళీలోకి నవలాకారుడు అడుగుపెట్టాడు.

చరిత్ర ఎక్కడ ఆగిందో, కల్పన ఎక్కడ మొదలైందో తెలియాలంటే రాళ్ల దగ్గరికి వెళ్లాలి. కర్ణాటకలోని రాయచూరు కోటగోడలో ఒక పెద్ద రాయి ఉంది. నలభై అడుగులకు పైబడిన పొడవు. దాని మీది శాసనం 1294 నాటిది. గోన గన్నయ రెడ్డి, అతని సేనాని విఠలనాథుడు అందులో ఉన్నారు. మీ నాన్నగారికో అమ్మగారికో ఆ వైపు పోస్టింగ్ వస్తే తప్పకుండా చూడండి. అదే గన్నారెడ్డి ఉన్నాడనడానికి సాక్ష్యం. ఇప్పుడు తేదీ చూడండి. రుద్రమ పాలన 1262 ప్రాంతంలో మొదలైంది. రాయచూరు శాసనం నాటికి సింహాసనం మీద ఉన్నది ఆమె మనవడు ప్రతాపరుద్రుడు. ఆ రాతి మీద కనిపించేవాడు కోటలు కట్టించిన పేరున్న ప్రభువు, సామంతుడు. దొంగ అన్న మాట లేదు, అన్నాంబిక లేదు. ముప్పై ఏళ్లు వెనక్కి జరిపి, యువకుణ్ణి చేసి, ముసుగు తొడిగి, ప్రేమను ఇచ్చింది బాపిరాజు గారు.

అంటే నవల అబద్ధమా? తరగతిలో ఈ మాట మీద పెద్ద గొడవే జరుగుతుంది. జరగాలి కూడా. మా అభిప్రాయం ఇది: నవల అబద్ధం చెప్పదు, ఎందుకంటే తాను నవలనని అట్ట మీదే చెప్పుకుంది. దాన్ని చరిత్ర పరీక్షలో జవాబుగా రాస్తే ఆ తప్పు మనది.

రాళ్లు కూడా అన్నీ చెప్పవని గుర్తుంచుకోండి. నల్లగొండ ప్రాంతంలోని చందుపట్ల అనే ఊళ్లో ఒక చిన్న శాసనం దొరికింది. 1289 నవంబరులో పువ్వుల ముమ్మడి అనే అతను, రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందినందుకు దేవుడికి భూమి దానం చేశాడని అందులో ఉంది. అంతకుముందు చరిత్రకారులు రుద్రమ 1295 దాకా పాలించిందని లెక్కవేసేవారు. ఒక సేవకుడు వేయించిన రాయి ఆ లెక్కను మార్చింది. రాణి, సేనాని ఇద్దరి మరణమూ ఒకేచోట చెప్పారు కాబట్టి యుద్ధంలోనే పోయి ఉంటారని, ఆ యుద్ధం కాయస్థ అంబదేవుడితోనే అయి ఉంటుందని చరిత్రకారులు ఊహిస్తారు. శాసనం మాత్రం ఎలా పోయారో చెప్పదు. ఆ ఆఖరి రోజుల్లో శత్రువు కదలికలు ఆమెకు ఎవరు మోసుకొచ్చారో, ఎవరి వేగు తప్పిందో మనకు తెలియదు.

అదే కాలంలో మన తీరానికి వచ్చిన మార్కో పోలో మోటుపల్లి రాజ్యం గురించి రాస్తూ, ఆ రాణిని చనిపోయిన రాజు భార్య అన్నాడు. ఆమె రాజు కూతురు. కళ్లతో చూసి రాసినట్టు కనిపించే మాట కూడా రేవులో విన్న కబురు కావచ్చన్నమాట.

ఇలాంటి కథలు మన భాషకే పరిమితం కాదు. మీ పక్క బెంచీలో తమిళం మాట్లాడే స్నేహితులు ఉంటే కల్కి రాసిన ‘శివకామియిన్ శపథం’ గురించి అడగండి. అందులో పల్లవ మహేంద్రవర్మ చక్రవర్తి తానే మారువేషంలో వేగుగా తిరుగుతాడు. నాగనంది అనే భిక్షువు చాళుక్య పులకేశికి వేగు. వాళ్ల మధ్య శివకామి అనే నర్తకి, ఆమె ప్రేమించిన నరసింహవర్మ. నరసింహవర్మ వాతాపిని గెలిచాడన్నది చరిత్ర. శివకామి, నాగనంది కల్కి సృష్టించినవాళ్లు. మీ స్నేహితుల ఇంట్లో ఆ కథ బామ్మలు చెప్పేదైతే, శివకామి నిజంగా లేదంటే వాళ్లు మీతో పోట్లాడతారు. పోట్లాడనివ్వండి.

‘గోన గన్నారెడ్డి’ మొదలుపెట్టేవారికి కొన్ని పాతమాటలు అడ్డం వస్తాయి. ప్రెగ్గడ అంటే మంత్రి. లెంక అంటే ప్రభువు కోసం ప్రాణం ఇస్తానని ప్రతిన పూనిన భటుడు. సాహిణి గుర్రపుదళం చూసే అధికారి. తెలుగు చదవడం ఇంకా కూడబలుక్కునే దశలో ఉన్నవాళ్లు ఇంట్లో పెద్దవాళ్ల చేత రోజుకు రెండు పేజీలు చదివించుకుని వినండి.

చదివేటప్పుడు నోటుపుస్తకంలో పేజీని నిలువుగా మడవండి. ఎడమ వైపు శాసనాల్లో, చరిత్ర పుస్తకాల్లో దొరికే పేర్లు రాయండి: రుద్రమ, గణపతిదేవుడు, గన్నయ రెడ్డి. కుడి వైపు రచయిత కల్పించి ఉంటాడని మీకు తోచినవి. ఏ వైపు రాయాలో తేలనివి మడత మీదే రాయండి. అన్నాంబికను ఎక్కడ రాశారో, ఎందుకు రాశారో వచ్చే సంచికకు పది వాక్యాల్లో రాసి మీ తెలుగు టీచర్‌కు ఇవ్వండి.