బీపీ అంకె ఏ ఆసుపత్రికైనా అర్థం కావాలంటే

ప్రశ్న: హైటెక్ సిటీ ఆఫీసు హెల్త్ చెకప్‌లో రాసిన బీపీని మరో ఆసుపత్రి కంప్యూటర్ చదవగలదా?

జవాబు: కాగితం మీద ‘128/82’ అని ఉంటే డాక్టరుకు చాలు, కంప్యూటర్‌కు అది అక్షరాల వరుస మాత్రమే. అందుకే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ వాడే ఎఫ్‌హెచ్‌ఐఆర్ అనే ఆరోగ్య సమాచార మార్పిడి పద్ధతిలో రెండంకెలూ విడివిడిగా నమోదవుతాయి. వైద్య పరీక్షలకు, కొలతలకు వాడే లోయింక్ కోడ్లలో పై అంకె (సిస్టాలిక్) 8480-6, కింది అంకె (డయాస్టాలిక్) 8462-4. కొలమానం మిల్లీమీటర్ల పాదరసం. తేదీ, సమయం, ఏ చేతికి కొలిచారో కూడా చేర్చవచ్చు. 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరుకు జోడించిన రికార్డు, రోగి సమ్మతిస్తేనే మరో ఆసుపత్రికి చేరుతుంది.

కొలతే తప్పయితే ఏ కోడూ దాన్ని సరిదిద్దలేదు. మెట్లెక్కి వచ్చిన ఉద్యోగి ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోవాలి. పాదాలు నేలమీద, చేయి గుండె ఎత్తులో ఉండాలి. అరగంట ముందు నుంచి టీ, సిగరెట్ మానాలి. నిమిషం తేడాతో రెండుసార్లు కొలిచి, రెండూ నమోదు చేయాలి.